సంత జీపు మెట్టు కోసేశారు

నిన్న పొద్దున అరకులో, వెల్డింగ్ షాపు ముందు, మా చిన్నాన్న జీపు వెనకున్న ఇనప మెట్టును గ్యాస్‌తో కోసేశారు. టాపు మీది సామాన్ల కారేజీని అంతకుముందే తీసేశారు. కొండ మీది మా ఊరి నుంచి సంతకు దిగే బండి అదొక్కటే... ఇక అది సంతకు రాదు.

మా చిన్నప్పుడు... ఆ జీపు కంపెనీ ఇచ్చినట్టు ఉన్నది కొద్ది రోజులే. చిన్నాన్న దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. తేగానే వెనక సీట్లు పీకించి, రెండు వైపులా పొడుగాటి బల్లలు వేయించాడు. పసుపు బస్తాలు, అడ్డాకుల కట్టలు, కోళ్ళ గంపలు టాపు మీదికి. నెత్తిన మూట, చంకన బిడ్డ ఉన్న ఆడవాళ్ళు ఎక్కడానికి వెనక బాగా కిందికి ఒక మెట్టు.

ఆ మెట్టుకు టేపుతో కొలత తీయలేదు. నాన్నకూ చిన్నాన్నకూ అక్క, మా సీతమ్మత్త. ఆవిణ్ణి జీపు వెనక నిలబెట్టి "కాలెత్తప్పా" అన్నాడు. ఆవిడ ఎత్తగలిగిన చోట సుద్దముక్కతో గీత గీసి, అక్కడ వెల్డింగ్ పెట్టించాడు.

బరువుకు బండి కుంగిపోకుండా చక్రాల మీది కమాన్ కట్టలకు అదనంగా పట్టీలు వేయించాడు. దాంతో ఒక చిక్కొచ్చింది. నిండుగా ఉంటే బండి బుద్ధిగా నడిచేది. ఖాళీగా ఉంటే ఘాట్ రోడ్డు మీద మేకపిల్లలా ఎగిరేది.

అందుకు మా ఊళ్ళో కనిపెట్టిన మందు, పిల్లలం మేమే... మా ఊరి షావుకారు కొట్టుకు సరుకులు తేవడానికి కొండ కింద ఎస్.కోటకు ఖాళీగా దిగాల్సిన రోజున చిన్నాన్న వీధిలో హారన్ కొట్టేవాడు.

"బరువుకి రండ్రా గుంటల్లారా... బేగి."

అందరం పరిగెత్తేవాళ్ళం. "లావుపాటోళ్ళు ముందు. సన్నపోళ్ళు తరవాత." నేను బక్కగా ఉండేవాణ్ణి. ఒళ్ళో గుండ్రాయి పెట్టుకుని కూర్చోవాలన్న షరతు మీద నన్ను ఎక్కించుకునేవాడు. మైదానం ఊళ్ళు నేను మొదట చూసింది అలా, రాయి మోస్తూ... తిరిగొచ్చేటప్పుడు పంచదార బస్తాల మీద పడుకుని వచ్చేవాళ్ళం.

అవి బంగారు రోజులని చెప్పను. విలేకరినయ్యాక, అలాంటి జీపులు లోయలో పడిన వార్తలు నేనే రాశాను. టాపు మీద మనుషులు, మెట్టు మీద మనుషులు... మా బండి పడలేదు, అంతే.

ఇప్పుడు అరకు జీపులకు వేరే పని. మబ్బులు చూడ్డానికి వచ్చేవాళ్ళను తెల్లారేసరికి కొండెక్కించాలి. మొదట పాటల బాక్సులు వచ్చాయి. తర్వాత రంగు లైట్లు, చెవులు పగిలే సైలెన్సర్లు. తనిఖీల్లో పీకించడం మొదలయ్యాక అవి తగ్గాయి. ఈ మధ్య పెద్ద టైర్లు, ఎత్తు లేపిన బాడీ, ముందు నల్లటి గార్డు... ఫొటోలో బాగుండాలి.

చూపు మందగించి చిన్నాన్న డ్రైవింగ్ మానేశాక, బండి ఆయన కొడుకు రాజు చేతికొచ్చింది. వాడూ అలాగే చేయించాడు. తప్పుపట్టడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. సంత వారానికి ఒక రోజు. టూరిస్టులు సీజనంతా వస్తారు. కారేజీ మీద బస్తాలతో దిగితే జరిమానా.

"నాన్న కూడా మార్పించాడు, నేనూ మార్పిస్తన్నాను" అన్నాడు వెల్డింగ్ షాపు దగ్గర. "ఆయన సేస్తే అవసరం, నేను సేస్తే సోకా అన్నా?"



సాయంత్రం బండి ఊళ్ళోకి వచ్చింది. సీతమ్మత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏట్రా రాజుగా... దీనికి కాళ్ళు మొలిసాయేటి?"

"ఇప్పుడందరూ ఇలాగే సేయించుకుంటన్నారత్తా."

"మరి నేనెలాగెక్కాల? నిచ్చెన కూడా ఇస్తావా?"

"నువ్వెక్కక్కర్లేదులే. ఇది టూరిస్టులకి."

"నేనేటి మబ్బులు సూడ్డానికెళ్తన్నానా? నా పసుపెలాగ దిగుద్దిరా?"

రాజు నవ్వబోయి ఆగిపోయాడు. మెట్టు మళ్ళీ పెట్టించుకోవచ్చు కదా అన్నాను. "మెట్టొకటే కాదన్నా" అని వంగి బండి కిందికి చూపించాడు. కమాన్ కట్టల్లో అదనపు పట్టీలు లేవు. నడుములు పోతున్నాయని టూరిస్టులు గొడవ పెడుతుంటే తీయించి, పాత ఇనుముకు వేసేశాడు. ఇక ఆ బండి ఊరి జనాన్నీ బస్తాల్నీ కలిపి మోయలేదు.

అరుగు మీద కూర్చున్న చిన్నాన్న అంతా విన్నాడు.

"నేను మాత్రం కంపెనీ ఇచ్చినట్టు ఉంచానేటి. ఆడి బండి, ఆడిష్టం" అన్నాడు. తర్వాత అక్కను అడిగాడు. "ఎంతుందప్పా పసుపు?"

"రెండు బస్తాలు."

కింద రోడ్డు దాకా ఆటోలు వస్తాయి. మా ఎత్తు ఎక్కవు.

మీ ఊరి నుంచి సంతకు వెళ్ళిన బండి ఏది? ఇప్పుడది ఎవరిని మోస్తోంది? తెలిస్తే కింద రాయండి... చదువుతాను.

ఎల్లుండి శుక్రవారం, అరకు సంత. సీతమ్మత్త, ఇంకొందరు ఆడవాళ్ళు పసుపును మోయగలిగినన్ని మూటలుగా విడగొట్టి కట్టుకుంటున్నారు. తానూ ఒక మూట అందుకుంటానని చిన్నాన్న అంటే, కళ్ళు ఆనవు వద్దన్నారు. కోడి కూయగానే నడక మొదలుపెడతారు. రాజుకు మొదటి బుకింగ్ కూడా ఆ పొద్దునే, అందుకు ముందు రాత్రే కిందికి దిగిపోతాడు... వాళ్ళు దిగే దారిలోనే వాడు టూరిస్టులతో పైకి వస్తాడు.