నీళ్లత్త ఇంటి రెండు పైపులు

దాహం వేస్తే ఎవరింటి అరుగు మీదైనా కూర్చుని "కాసిన్ని మంచినీళ్లు ఇవ్వండమ్మా" అని అడిగే రోజులవి. ఇచ్చిన చెంబు ఎత్తి గటగటా తాగేయడమే తప్ప, ఆ నీళ్లలో ఏముందో ఎంతుందో అడిగే అలవాటు మా వైపు ఎవరికీ ఉండేది కాదు. అలాంటి రోజుల్లో నర్సీపట్నంలో ఇంటింటికీ తిరిగి "మీరు తాగే నీళ్లు మంచివి కావండీ" అని చెప్పే ఉద్యోగం నాకు దొరికింది. ఒకరింటికి వెళ్లాలి, వాళ్లు ప్రేమగా ఇచ్చిన నీళ్లు తాగాలి, మూతి తుడుచుకుని ఆ నీళ్లకే వంక పెట్టాలి. డిగ్రీ చదివినవాడికి ఇంతకంటే మర్యాదైన పని దొరకలేదా అని మా అమ్మ బాధపడేది. నాకు మాత్రం, నీళ్లలో ఉప్పు ఎంతుందో అంకెల్లో చూపించే పెన్నులాంటి మీటరు ఒకటి చొక్కా జేబులో పెట్టుకుని బజారులో నడుస్తుంటే, కాస్తలో డాక్టరు సీటు తప్పిపోయినవాడిలా మహా దర్జాగా ఉండేది.

మా ఓనరు విశాఖ నుంచి నీళ్లు వడబోసే మిషన్ల విడిభాగాలు తెప్పించి, బస్టాండు దగ్గర చిన్న షాపులో బిగించి అమ్మేవారు. నడివేసవిలో కూడా మెడకు టై కట్టుకుని తిరిగేవారు కాబట్టి వెనకాల మేమంతా ఆయన్ని టైగారు అనేవాళ్లం. ఆయన అమ్మే ఆర్వో మిషన్లకు ఇప్పటివాటిలా ట్యాంకు, లైటు, ముందువైపు కుళాయి ఉండేవి కావు. గోడకు తగిలించే రేకు చట్రం, దాని మీద వరసగా ఫిల్టర్లు, కింద గుర్రుమనే చిన్న మోటారు, చివర నుంచి బయటికి వేలాడే రెండు సన్నటి తెల్ల పైపులు. ఒకదాంట్లోంచి వడబోసిన మంచినీళ్లు బొట్లుబొట్లుగా, సన్నగా వస్తాయి. దాన్ని బిందెలో పెట్టాలి. రెండోదాంట్లోంచి ఆ ఉప్పూ సున్నమూ మోసుకుని మిగతా నీళ్లు ధారగా వస్తాయి. దాన్ని తూములో వదిలేయాలి. అంతే సంగతి. కాకపోతే ఆ రెండు పైపులూ కవల పిల్లల్లా అచ్చంగా ఒకేలా ఉండేవి.

ఇక మా మేనత్త. ఆమెకు వీధిలో నీళ్లత్త అని పేరు. ఎవరింట్లోనైనా పెళ్లయితే వంటకు ఏ బావి నీళ్లు తేవాలో ముందు ఆమెను అడిగేవారు. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, కాసేపు అలాగే ఉంచి మింగి, "ఇది మిల్లు ఎనకాల నుయ్యి. పప్పు ఉడకదు గాని టీకి బావుంటాది" అని తీర్పు చెప్పేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. (ఒకసారి ఆటపట్టిద్దామని రెండు బావుల నీళ్లు కలిపి ఇచ్చాను. తాగి, "రెండూ కలిపీసేవు, బాగానే ఉంది గాని, ముందు ఆ బిందె కడిగేవేటిరా?" అంది. కడగలేదు.) ఆమె నాలుక అంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం, భక్తీ, గర్వం. మా బడిలో పిల్లలు వాళ్ల మావయ్యల మోటారు సైకిళ్ల గురించి గొప్పలు చెప్పుకుంటే నేను మా అత్త నాలుక గురించి చెప్పుకునేవాణ్ణి.

మావయ్యది గొలుగొండ వైపు చెరకు వ్యవసాయం. పొద్దున్నే మోపెడ్ మీద పొలానికి వెళ్లి, ఎండెక్కే వేళకు ఇంటికొచ్చేవారు. ఇంట్లో మాటల ఖర్చంతా అత్తదే, ఆయనది పొదుపు. అలాంటి మనిషికి ఆ ఏడాది కిడ్నీలో రాయి పుట్టింది. నొప్పికి మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగిపోయారు. విశాఖ తీసుకెళ్లి రాయి తీయించాక డాక్టరు, మీ బోరు నీళ్లు మానేసి మంచి నీళ్లు తాగండి, లేకపోతే మళ్లీ వచ్చేస్తుంది అన్నాడట. ఆ మాట అత్తకు ముల్లులా గుచ్చుకుపోయింది. నన్ను పిలిపించి, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టుకుని, "పెళ్లయిన కాడి నుంచి నా సేత్తో ఇచ్చిన నీరేరా ఆయన తాగింది. నా నీరే ఆయనకి రాయి కట్టీసిందేటి?" అని అడిగింది. ఊరందరి నీళ్లకూ తీర్పు చెప్పే మనిషి నన్ను తీర్పు అడగడం అదే మొదటిసారి. నేనేదో సర్ది చెప్పబోయాను. "అయన్నీ ఒగ్గీ. బేగి ఆ మిషను తెచ్చి బిగించీ. ఆయనకి మళ్లీ ఆ నొప్పి రాకూడదు, అంతే" అంది.

మర్నాడే బిగించాను. గోడకు కన్నాలు పెడుతుంటే అత్త చీపురు పట్టుకుని పడిన దుమ్ము పడినట్టే ఊడ్చేసింది. బిగించాక మిషనుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. (ఆ నీళ్లు మోటారు మీద పడకుండా నేను చేతులు అడ్డం పెట్టాను. దేవుడికి అడ్డం పెట్టేనని తిట్లు తిన్నాను.) తర్వాత నేను మొదలుపెట్టాను, విశాఖ ట్రైనింగులో బట్టీపట్టిన ప్రసంగం. మెంబ్రేను, ప్రెషరు, ఫ్లో రేటు, ఒక్క ముక్క వదలకుండా ఏకరువు పెట్టాను. నా సొంత అత్త ముందు నా ఇంగ్లీషు ప్రతిభ చూపించుకోవాలని అంత ఆత్రం. ఆమె మధ్యలో ఒకసారి లేచి వెళ్లి ఉప్మా దింపి వచ్చింది. చివర్లో పైపులు చూపించి "ఇది ప్యూర్, అది రిజెక్ట్. కొత్త మిషను కదా, గంటసేపు రెండు నీళ్లూ పారబొయ్యాలి, ఆ తర్వాతే బిందెలో పెట్టాలి" అన్నాను. "సరేలే, ముందు తిను, సల్లారిపోతాది" అంది. తిన్నాను. రెండు పైపులూ తూములో పారుతుండగానే, నాకు అర్థమైనట్టే ఆమెకూ అర్థమైపోయిందన్న ధీమాతో సైకిలెక్కి వెళ్లిపోయాను.

వారం తిరిగేసరికి వీధంతా అత్త మిషను గురించే. వచ్చినవాళ్లకల్లా ఆ బిందెలో నీళ్లే ముంచి ఇచ్చేది. నేను వెళ్లినా ఒక గ్లాసు చేతికిచ్చి "ఎలగుంది?" అని అడిగింది. జేబులో మీటరు ఉంది. కానీ నీళ్లత్త ఇంట్లో నీళ్లకు మీటరు పెట్టడమంటే పూజారి ఎదుట ప్రసాదం వాసన చూడడమే. తాగి, "అమృతంలా ఉంది అత్తా" అన్నాను. ఎక్కడో తాగిన రుచిలా తోచిన మాట నిజమే, అయినా శుద్ధమైన నీళ్ల రుచి అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. అత్త మొహం వెలిగిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా "మా ఇంట్లోనూ పెట్టించాలి అత్తా" అనడం మొదలుపెట్టారు. మావయ్య మాత్రం అత్త ఇచ్చిన చెంబు పుచ్చుకుని, పెరట్లో కరివేపాకు మొక్క దగ్గరికి వెళ్లి నిలబడేవారు. ఆ మొక్క మీద ఆయనకు అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు అర్థం కాలేదు. పోనీ అంత ప్రేమకు అదైనా పచ్చగా ఉందా అంటే, ఆకులు పండిపోయి రాలిపోతోంది. తెగులు పట్టిందని అత్త దానికి బూడిద చల్లేది.

వీధివీధంతా కొనేలా ఉందని తెలిసి టైగారు తనే బయల్దేరారు. మా షాపుకు ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. ఇనుప కడ్డీలున్న చిన్న కరెంటు పెట్టె. రెండు గ్లాసుల్లో ముంచి స్విచ్ వేస్తే, ఉప్పు ఎక్కువున్న నీళ్లు చూస్తుండగానే మురికి రంగుకు తిరుగుతాయి, వడబోసినవి మారవు. (ఆ రంగు నీళ్లది కాదు, కడ్డీ తుప్పుదేనని చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు అదే సైన్సు.) అత్త ఇంటి వసారాలో ఆడవాళ్లంతా చేరారు. అత్త పట్టు చీర కట్టుకుంది. టైగారు ఒక గ్లాసులో బోరు నీళ్లు, ఇంకో గ్లాసులో అత్త తన చేత్తో తెచ్చిన బిందె నీళ్లు పోసి, "ఇప్పుడు చూడండమ్మా తేడా" అని స్విచ్ వేశారు. తేడా వచ్చింది. బోరు నీళ్లు టీ రంగుకు తిరిగాయి. బిందె నీళ్లు కషాయం రంగుకు తిరిగి, పైన తెట్టు కట్టాయి.

టైగారు టై వదులు చేసుకుని నా వైపు చూశారు. నేను వంటింట్లోకి పరుగెత్తి బిందెలో మీటరు పెడితే, బోరు నీళ్ల కంటే పెద్ద అంకె చూపించింది. అప్పుడు పైపుల వైపు చూశాను. ధారగా వచ్చే పైపు బిందెలో ఉంది. సన్నగా వచ్చే పైపు కిటికీలోంచి పెరట్లోకి వెళ్లి, మొక్కలకు పోసే బాల్చీలో పడుతోంది. వెనకే వచ్చిన అత్త "ఏటయ్యింది?" అంది. మెల్లిగా చెప్పాను. ఆమె నమ్మలేదు. "సేటతో సెరిగితే బియ్యం ఎక్కువ, పొల్లు తక్కువ. మిల్లు కాడైనా అంతే కదా. ఎక్కువొచ్చేది మంచిది, తక్కువొచ్చేది పారబోసేది. బియ్యం కన్నా ఊక ఎక్కువొచ్చే మిల్లుకి ఎవుడైనా ధాన్యం ఏస్తాడేటి?" అంది.

అంతలో ఆమె మొహం మారిపోయింది. "అంటే ఆ ఉప్పంతా ఇన్నాళ్లూ ఆయనకే పోసేనేటిరా" అని, పట్టు చీరతోనే వంటింటి నేల మీద చతికిలబడిపోయింది. వసారాలో ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. మంచం పట్టె పట్టుకుని మావయ్య మెలికలు తిరగడం కళ్ల ముందు కదిలింది.

"నాను తాగనేదు" అని పెరటి గుమ్మం దగ్గర నుంచి వినిపించింది. అందరూ అటు తిరిగారు. (వీధిలో సగం మంది ఆయన గొంతు వినడం అదే మొదలు.) మావయ్య తుండు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. "మొదటి రోజే నోట్లో పోసుకుంటే మన బోరు కన్నా ఉప్పగా తగిలింది. పెరట్లో బాల్చీలో పడ్డది బావుంది. నువ్విచ్చింది కరివేపాకు మొక్కకి పోసీసి, ఆ బాల్చీలోదే ముంచుకుని తాగుతున్నాను."

అత్త ఆయన వైపు తిరిగింది. "మరి నాకొక్క మాట సెప్పొచ్చు కదండీ."

మావయ్య నేల వైపు చూస్తూ అన్నారు. "ఎలగ సెప్పమంటావు? నాకు రాయి వొచ్చిన కాడి నుంచి నువ్వు నవ్వనేదు. ఆ బిందె నింపి సెంబు సేతికిచ్చిన రోజు నవ్వేవు."

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. నాకూ కళ్లు చెమర్చాయి. టైగారు మాత్రం, తప్పు ఎవరి మీదకు నెడుతుందోనని ఆమె నోటి వైపే చూస్తున్నారు. కుర్రాడు సరిగ్గా చెప్పలేదని ఆమె ఒక్క ముక్క అంటే నా ఉద్యోగం ఆ వసారాలోనే ఊడిపోయేది. అంటే తప్పు కూడా లేదు. ఆమె లేచి, వసారాలోకి వచ్చి, ఆడవాళ్లందరి ఎదుట నిలబడి, "నా నాలుక మోసపోయిందమ్మా. మిషను నీరు కదా, రుచి ఇలగే ఉంటాది కావాల అనుకున్నాను. సన్నగా వొచ్చేది మంచి నీరు, ధారగా వొచ్చేది కడుగుడు నీరు. మీ ఇళ్లల్లో పెట్టినప్పుడు గుర్తెట్టుకోండి" అంది. ఎన్నడూ తప్పని తీర్పు తప్పిందని తన నోటితోనే చెప్పుకోవడానికి ఎంత గుండె కావాలో అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు. తర్వాత దేవుడి గూట్లోంచి పసుపు దారం తెచ్చి సన్న పైపుకు ముడి వేసింది. నీళ్లత్త నాలుకకే అందని తేడా మనకేం తెలుస్తుందని, ఆ వీధి ఆడవాళ్లు మిషన్లు పెట్టించుకున్నారు. టైగారు టై బిగించుకున్నారు.

ఆ తర్వాత ఆ మిషనుకు అసలు మెకానిక్కు మా అత్తే. ధారగా వచ్చే నీళ్లు ఒక్క చుక్క తూములోకి పోనివ్వలేదు. గిన్నెలు తోమడానికి, అరుగు కడగడానికి పట్టి ఉంచేది. మొదటి ఫిల్టరులో మట్టి చేరితే మోటారు మోత వినే కనిపెట్టేసి, నేను వెళ్లేసరికి దాన్ని విప్పి కడిగి ఎండలో పెట్టేసేది. కడిగినా మోత తగ్గకపోతే "ఇంక ఫిల్టరు మార్సాల, దీనికి ఊపిరి ఆడతల్లేదు" అని కబురు పెట్టేది. వెళ్లి చూస్తే నిజంగానే మార్చాల్సి ఉండేది. కరివేపాకు మొక్క మళ్లీ చిగురించింది. నేనెక్కడ మిషను బిగించినా సన్న పైపుకు పసుపు దారం కట్టడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు నాకే ఒక షాపు ఉంది. మిషన్లకు లైట్లు వచ్చాయి, ఫిల్టరు మార్చాలంటే అవే కూతపెడతాయి. పైపులు లోపలే ఉంటాయి కాబట్టి దారంతో పని లేదు. అయినా డ్రాయరులో ఒక దారపు ఉండ ఉంటుంది, మా కుర్రాళ్లు చూసి నవ్వుతారు. జేబులో మీటరు పెట్టుకుని ఊరందరి నీళ్లకూ వంకలు పెట్టిన ఆ సైకిలు డాక్టరు గుర్తొస్తే నాకూ నవ్వే వస్తుంది. పండిపోయిన కరివేపాకు మొక్క ఎదురుగా కనబడుతున్నా, వాడు గ్లాసెడు ఉప్పునీళ్లు తాగి అమృతమన్నాడు.

మొన్న అత్త ఇంట్లో ఫిల్టర్లు మార్చడానికి నేనే వెళ్లాను. పని అయ్యాక అత్త గ్లాసు పట్టింది. మునుపటిలా తనే ముందు నోట్లో పోసుకుని కళ్లు మూసుకుంటుందనుకున్నాను. పోసుకోలేదు. గ్లాసు తీసుకెళ్లి మావయ్య చేతికిచ్చి, పక్కనే నిలబడి, "ఎలగుందండి?" అని అడిగింది. వసారాలో నీళ్లు రంగు తిరిగిన ఆ రోజు తర్వాత ఏనాడూ ఆమె తనే మొదట రుచి చూడలేదట. మావయ్య తొందరపడలేదు. ఒక్కో గుక్కా ఆగి ఆగి తాగి, అత్త మొహం వైపు చూసి, ఖాళీ గ్లాసు చాపి, "ఇంకో గ్లాసు పట్టు, సెప్తాను" అన్నారు.