పన్నెండు అంగుళాల స్టెప్నీతో ఆదిలాబాద్‌కు

ముందే ఒప్పుకుంటాను, తప్పంతా నా తెలివిదే. ముప్పై నాలుగేళ్లు బళ్లో తెలుగు చెప్పి, పిల్లల కోడిగీతల్లోంచి కూడా అర్థం పిండిన నేను, నా కారు టైరు మీదున్న ఒక్క పంక్తిని ఏనాడూ చదవలేదు. ఆ అంకెలు కంపెనీవాడి ఫోన్ నంబరేమో అనుకునేవాణ్ణి.

నిరుడు పాత చిన్న కారు అమ్మేసి, కొంచెం పెద్దది సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దానికి స్టెప్నీ లేదు. అయితేనేం, పాత కారు స్టెప్నీని కొన్నవాడికి ఇవ్వకుండా దాచుకున్న గడుసువాణ్ణి నేను. దాన్ని కరీంనగర్‌లో మా వీధి చివరి టైర్ల దుకాణానికి దొర్లించుకుపోయి, కొత్త బండికి పడుతుందా అని అడిగాను. దుకాణదారు కుర్చీలోంచి లేవలేదు. "చక్రం చక్రమే సార్. గాలి నింపిస్త, డిక్కీల ఏస్కొని బేఫికర్ తిరుగుండ్రి" అన్నాడు. అక్క పోయిన రోజు దాకా బేఫికర్‌గానే, ఏ చింతా లేకుండా తిరిగాను.

అక్కది ఆదిలాబాద్. బావ అక్కడే పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసి మానేశాడు. నెలరోజులుగా అక్క మంచంలోనే ఉంటే, మా ఆవిడ వారం ముందే సాయానికి వెళ్లింది. ఉదయం ఐదింటికి ఫోన్ చేసింది. "ఒదినె పోయింది. పన్నెండింటికి లేపుతరట. పుట్టింటి చీర నువ్వే తేవాలె, జల్ది రా."

మా వైపు ముత్తయిదువ పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాకే శవాన్ని లేపుతారు. అక్కకు మిగిలిన పుట్టిల్లు నేనొక్కణ్ణే. పక్కింటి చీరల కొట్టాయనను లేపి షట్టరు తీయించాను. అక్కకు ఇష్టమైన ఆకుపచ్చ, పసుపు అంచు.

ఆరున్నరకు బయల్దేరాను. జగిత్యాల ఏడున్నర. మెట్‌పల్లిలో ఎనిమిదిన్నరకు టీ తాగాను. ఆర్మూర్ దగ్గర పెద్ద హైవే ఎక్కి, సోన్ వంతెన మీద గోదావరి దాటి, నిర్మల్ చేరేసరికి తొమ్మిదీ ముప్పావు. మిగిలింది ఎనభై కిలోమీటర్లే. గంటన్నరలో అక్క ముఖం చూస్తాననుకున్నాను.

ఘాట్ ఎక్కుతుండగా పది ఇరవైకి వెనక ఎడమ టైరు ఢామ్మంది. నేను రిటైరయ్యాక కొన్న బండి, నాకంటే తొందరగా టైరుతో సహా రిటైరైంది. జాకీ ఎత్తి, పగిలిన చక్రం తీసి, నా గడుసు స్టెప్నీ పైకెత్తి పెట్టాను. నాలుగు బోల్టులు, నాలుగు రంధ్రాలు. ఒక్కటి కలిస్తే మూడు కలవవు. ఎటు తిప్పితే పడుతుందోనని గంటసేపు తిప్పాను. ఈ దారిన వచ్చేవారు గుర్తుంచుకోండి, ఘాట్‌లో బస్సులు ఆగవు. మూడు బస్సులకు చెయ్యెత్తాను, మూడూ హారన్ కొట్టి పోయాయి.

పదకొండున్నరకు పత్తి బేళ్ల లారీ ఒకటి ఆగింది. డ్రైవర్ పేరు గంగారాం, నడివయసు మనిషి. దిగి, రెండు చక్రాలనూ పక్కపక్కన పడుకోబెట్టి, తువ్వాలతో దుమ్ము తుడిచాడు.

"సదువొచ్చా కాకా?"

"పంతులుగా చేసిన."

"మరి సదువుండ్రి. గా పగిలినదాని మీద ఏముంది?"

"నూట డెబ్భై ఐదు, గీత, అరవై ఐదు, ఆర్, పద్నాలుగు."

"బరాబర్. ముందుది టైరు వెడల్పు, మిల్లీమీటర్లల్ల. గీత ఎన్కదాన్ని గూడ మిల్లీమీటర్లే అనుకునేరు, గాదు. టైరు పక్కగోడ ఎత్తు, వెడల్పుల నూటికి అరవై ఐదు వంతులు. ఆర్ అంటె రేడియల్, లోపట దారాలు అల్లిన తీరు. పద్నాలుగు అంటె నడిమిట్ల ఇనుప రిమ్ము, అంగుళాలల్ల. ఇగ మీ స్టెప్నీ సదువుండ్రి."

"నూట నలభై ఐదు, గీత, ఎనభై, ఆర్... పన్నెండు."

"పన్నెండు!" అని తల కొట్టుకున్నాడు. "సన్నకారుది తెచ్చి గీ బండికి పెడ్తె పడ్తదా? పోరనికి తాత చెప్పులు తొడిగినట్టు గాదు కాకా, తాతకు పోరని చెప్పులు తొడిగినట్టు! గా అంకెల పక్కన ఇంకో నంబరుంటది, టైరు ఎంత బరువు మోస్తదో చెప్పేది. గదన్న సూశిండ్రా?"

సీట్లో ఉన్న చీర పొట్లం చూపించాను. అది ఎవరి కోసమో చెప్పాను. గంగారాం పగిలిన చక్రాన్నే మళ్లీ బిగించి, కారుకు తాళం వేయించి, నన్ను లారీలో ఎక్కించుకున్నాడు.

ఆలస్యమవుతుందని మా ఆవిడకు ఫోన్ చేశాను. లారీ దాని వేగంతోనే వెళ్లింది. నేరడిగొండ దాటుతుంటే మా ఆవిడ ఫోన్. "పెద్దమనుషులు ఒంటిగంట దాకనే అంటుండ్రు." ఇచ్చోడలో మళ్లీ ఫోన్. "మీ బావ బతిమిలాడి ఇంకో అర్ధగంట ఆపిండు." గుడిహత్నూర్ తర్వాత ఫోన్ రాలేదు. గంగారాం అడగకుండానే యాక్సిలరేటర్ తొక్కాడు.

రెండు గంటలకు అక్క ఇల్లు చేరాను. వాకిలి కడుగుతున్నారు.

శ్మశానానికి ఆటోలో వెళ్లేసరికి కాష్టం మండుతోంది. పుట్టింటి తరఫున మా ఆవిడే తన బ్యాగులోని చీర తీసి కప్పిందట. అది గోధుమరంగుది. అక్కకు ఆ రంగు అసలు నచ్చదు.

"నిప్పు పెట్టినంక చీర ఎయ్యరాదు బిడ్డా" అన్నాడో పెద్దాయన. పొట్లం ఎక్కడ దించాలో తెలియలేదు. బావ వచ్చి రెండు చేతులా అందుకున్నాడు. "నువ్వు తెచ్చినవ్, నేను తీసుకున్న. గంతే. ఏడ్వకు బామ్మర్దీ" అన్నాడు, తాను ఏడుస్తూ.

ఐదో రోజున నిర్మల్ నుంచి మెకానిక్‌ను ఘాట్‌లోని కారు దగ్గరికి పిలిపించి, 175/65 ఆర్14 టైరే వేయించి, మా ఆవిడతో తిరుగు ప్రయాణమయ్యాను. ఘాట్ దిగాక ఆమె, "ఒదినె ముఖం మంచిగనే ఉండె, నిద్ర పోయినట్టు" అంది. ఈ ప్రయాణం నాకు మిగిల్చింది ఆ ఒక్క మాట. నేను చూడని ముఖాన్ని మా ఆవిడ మాటల్లో చూసుకుంటూ కరీంనగర్ దాకా నడిపాను.

సాయంత్రం ఐదింటికి ఆమెను ఇంటి దగ్గర దింపి టైర్ల దుకాణానికి వెళ్లాను. ఒక ట్యాక్సీ అతను సెకండ్‌హ్యాండ్ స్టెప్నీ బేరమాడుతున్నాడు. "చక్రం చక్రమే అన్నా" అంటున్నాడు దుకాణదారు. నేను నేల మీద గొంతుక్కూచుని, వేలు పెట్టి, ఒకటో తరగతికి అక్షరాలు చెప్పినట్టు అన్నీ చదివి చెప్పాను. వెడల్పు, ఎత్తు, రిమ్ము, బరువు. ట్యాక్సీ అతను తన టైరు కూడా చూసుకున్నాడు. రెండు అంగుళాలు తేడా. "నమస్తే" అని దుకాణదారుకు కాదు, నాకు చెప్పి వెళ్లిపోయాడు.

"ఏంది సార్, నేను మీకేం జేసిన?" అన్నాడు దుకాణదారు, నిజంగానే నొచ్చుకుని.

అక్క సంగతి చెప్పలేదు. చెబితే అయ్యో అనేవాడు, టీ తెప్పించేవాడు, నేనూ కరిగిపోయేవాణ్ణి. వరసలోని తర్వాతి టైరు ఎదుటికి జరిగి, అంకెలు మళ్లీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను.