కాలువ కట్ట మీద కరెంటు బండి

ఆ బండి ఎందుకు కొనుక్కున్నానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పెట్రోలు ఖర్చు ఉండదని చెప్పాను. ల్యాబులో లైసెన్సు అక్కర్లేదని చెప్పాను. రెండూ అబద్ధాలు కావు. కానీ జమ్మలమడుగు షాపులో అతను తాళం తిప్పి, "ఆన్ అయింది పాపా, పోనీ" అన్నప్పుడు, ఏ చప్పుడూ లేకుండా బండి నా కింద ముందుకు కదిలింది. అప్పుడే ఇదే తీసుకోవాలనుకున్నాను. మా వీధిలో ఏ బండి పోయినా అరుగుల మీద తలలన్నీ లేస్తాయి. ఎవరి కూతురు, యాడికి, ఈ పొద్దులో ఏం పని అని అడుగుతారు. ఆ మాటలకు జవాబు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఈ బండి మీదైతే వాళ్ళు తల ఎత్తేలోపే నేను మలుపు తిరిగిపోవచ్చు.

మా ఊరు ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్య ఉంది. నేను ప్రొద్దుటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. షుగరు ఉన్నవాళ్ళు ఏమీ తినకుండా వచ్చి తెల్లవారేసరికే బెంచీల మీద కూర్చుంటారు. మా ఊరి మొదటి బస్సు ఆ వేళకు చేరదు. మెయిన్ రోడ్డంతా నాపరాళ్ళ లారీలు. ఆ రోడ్డు ఎక్కితే బండి తాళం బావిలో పడేస్తానని అమ్మ ముందే చెప్పింది. ఇక మిగిలింది కాలువ కట్ట.

కట్ట మీద దారి ఒక ట్రాక్టరు పట్టేంత ఉంటుంది. ఒక పక్క కాలువ, ఇంకో పక్క ఏటవాలుగా దిగితే వరిమళ్ళు. తుమ్మచెట్లు గుబురుగా ఉన్నచోట అది కూడా సన్నబడి ఇద్దరు పక్కపక్కన నడవలేనంత అవుతుంది. పొద్దున్నే అక్కడ గడ్డికి పోయే ఆడవాళ్ళు, గొర్రెల వాళ్ళు, షుగరుకు నడిచే పెద్దమనుషులు తిరుగుతుంటారు. ఎవరూ రాసిపెట్టకపోయినా కట్టకు ఒక పద్ధతి ఉంది. నెత్తిన మోపు ఉన్నవాళ్ళు పక్కకు జరగరు, చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళే జరగాలి. వెనక నుంచి వచ్చేవాళ్ళు దూరం నుంచే వరస పెట్టి పలకాలి. "వస్తాండా అత్తా", "వస్తాండా మామా" అని, అంటే వస్తున్నానని. మోపు ఎత్తుకున్న మనిషి తల తిప్పి చూడలేదు కదా. గొంతును బట్టే ఎవరో, ఎంత దూరంలో ఉన్నారో తెలుసుకుంటుంది.

నేను పలికేదాన్ని కాదు. వాళ్ళ వెనకే మెల్లగా, దారి వెడల్పయ్యేదాకా ఓపిగ్గా వెళ్ళేదాన్ని. ఉన్నట్టుండి ఎవరో ఒకరు పక్కన నా నీడ చూసి ఉలిక్కిపడేవాళ్ళు.

"యమ్మా! పిల్లి మాదిరి వస్తావేందే!" అని ఒక అవ్వ రోజూ తిట్టేది. రోజూ మోపు పట్టుకుని నవ్వేది కూడా. మా నాన్న ముద్దనూరు దగ్గర కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనికి పోతాడని ఆమెకు తెలుసు. "నాయినేమో ఆడ కరెంటు చేస్తాండు, కూతురేమో ఈడ దాని మీద ఊరేగుతాంది. పలకవే తల్లీ, పలికితే ఏం ముత్యాలు రాల్తాయా? నోరు రాకుంటే హారనన్నా కొట్టు."

హారను కొట్టడం నాకు సులువనిపించింది. దానికి మాట అక్కర్లేదు.

కాలువకు నీళ్ళు వదిలిన కొత్తలో, ఒక పొద్దున తుమ్మచెట్ల మలుపులో నా ముందు మా ఊరి పెద్దాయన నడుస్తున్నాడు. కాలువ కింది మళ్ళల్లో సగం వాళ్ళవే. డాక్టరు నడవమన్నాడని చేతికర్ర తీసుకుని పొద్దున్నే కట్ట ఎక్కుతాడు. ఆయనకు కాస్త ముందు ఆడవాళ్ళు గడ్డి కోస్తున్నారు. నేను దూరం నుంచే హారను నొక్కాను. ఆ బండిలో చప్పుడు చేసేది అదొక్కటే. అది కూడా చెవిలో సూది పెట్టినట్టు సన్నగా, గట్టిగా మోగుతుంది. ఆయన అదిరిపడి పక్కకు ఒక అడుగు వేశాడు. మంచుకు తడిసిన గడ్డి మీద కాలు జారి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కట్ట వాలు మీద నీళ్ళ దాకా వెళ్ళిపోయాడు. పెద్ద దెబ్బేం తగల్లేదు. మోకాలు చీరుకుంది. ఒక చెప్పు మాత్రం కాలువలో పడి, నిదానంగా ప్రొద్దుటూరు వైపు తేలిపోతోంది.

నేను బండి దిగి చెయ్యి అందించాను. ఆయన అందుకోలేదు. కర్ర ఊనుకుని తనే ఎక్కాడు. అంతా అక్కడితో అయిపోయేదే. కానీ గడ్డి కోస్తున్నవాళ్ళలో, నన్ను రోజూ తిట్టే ఆ అవ్వ ముందు కొంగు అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేక పకపకా నవ్వేసింది. మిగతా వాళ్ళూ నవ్వారు. పెద్దాయన మెడ ఎర్రబడింది. ఆయన నా వైపు చూడనైనా చూడకుండా ఒంటి చెప్పుతో ఊళ్ళోకి వెళ్ళిపోయాడు.

మరుసటి పొద్దున కట్ట ఎక్కేచోట అడ్డంగా తుమ్మకంప వేసి ఉంది. మనిషి పట్టేంత సందు మాత్రం వదిలారు. పక్కన లస్కరు, అంటే కాలువ తూములు చూసుకునే ఆయన, కాలువ వాళ్ళ బోర్డు కింద బీడీ కాలుస్తూ నిలబడ్డాడు.

"పాపా, ఆ బోర్డు చదివినావా?"

"చదివినాన్నా."

"ఏం రాసుండాది?"

"మోటారు వాహనములకు ప్రవేశము లేదు."

"మల్ల?"

"ఇది ఆ లెక్కలోకి రాదన్నా. ఇరవై ఐదు కంటే జోరు పోదు. లైసెన్సు గూడా వద్దని షాపులో చెప్పినారు."

"మోటారు ల్యాకుండా యట్ల పోతాది? నువ్వు తొక్కుతావా?"

"తొక్కను. చక్రంలో చిన్న మోటారు ఉంటాది."

"ఉండాది గదా! నువ్వే చెప్తివి," అన్నాడు. కోపంగా కూడా కాదు, లెక్క తేలిపోయినట్టు అన్నాడు.

ట్రాక్టర్లు కట్ట కుంగదీస్తున్నాయని ఆ బోర్డు పెట్టించారు. పెద్దాయన ట్రాక్టరు ఇప్పటికీ దాని పక్క నుంచే మళ్ళకు పోతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బండి వెనక్కి తిప్పుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ వారమంతా బస్సుకే పోయాను. నేను చేరేసరికి బెంచీల మీద ముసలివాళ్ళు ఆకలికి వాలిపోయి ఉండేవాళ్ళు. ఒకరోజు ల్యాబు మేడం సూదులు సర్దుతూ, "నీ చెయ్యి మంచిది, నొప్పి తెలియదంటారు అందరూ. కానీ నాకు పొద్దున్నే మనిషి కావాలి. వచ్చే వారం నుంచి కూడా ఇట్లే అయితే వేరే పిల్లను చూసుకుంటా," అంది.

ఆ సాయంత్రమే అమ్మ పులివెందులలో ఉన్న పెద్దమ్మకు ఫోను చేసింది. పెద్దమ్మ వాళ్ళది చీనీ, అంటే బత్తాయి, తోట పక్కన ఇల్లు. బస్టాండు దగ్గర ఒక క్లినిక్కులో మనిషి కావాలంటున్నారట, వచ్చి తమతో ఉండమంది. పెద్దమ్మ మంచిదే. కానీ ఆ ఇంట్లో రెండు గదుల్లో ఎనిమిదిమంది ఉంటారు. నేను పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు వచ్చి "ఏం చదువుతాండావు, ఒకసారి ఇటు చూపీ" అంటారు. డైరీ రాసుకునే మూల అక్కడ లేదు. ఇక్కడైతే పని అయ్యాక ప్రొద్దుటూరు లైబ్రరీలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. నేను పోయేసరికి అది ఖాళీగా ఉంటుంది. ల్యాబు పోతే ఆ కుర్చీ కూడా పోతుంది. అమ్మ ఫోనులో "ఆదివారం దాకా చూసి పంపుతాక్కా" అనడం విని, గోడకు ఆనుకుని అట్లే నిలబడ్డాను.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ నన్ను తూము దగ్గరికి తీసుకెళ్ళింది. "నేను అడుగుతా. నువ్వు పక్కన నిలబడితే చాలు," అంది. పెద్దాయన తూము గోడ మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి. పక్కన లస్కరు నిలబడ్డాడు. గడ్డిమోపు దింపుకుని అవ్వ కూడా అక్కడే కూర్చుంది.

అమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. పిల్ల పని పోతాదయ్యా, రోడ్డు మీద లారీలకు భయం, కట్ట తప్ప దారి లేదు అని. పెద్దాయన అమ్మతో కాకుండా లస్కరు వైపు తిరిగి అన్నాడు.

"ఈ పొద్దు ఈ పిల్ల. రేపు ఊళ్ళో ప్రతి ఒక్కరూ కొంటారు ఆ చప్పుడు ల్యాని బండ్లు. నడిచేటోళ్ళు కాలువలో పడాల్నా?"

అది తప్పు మాట కాదు. ఆ సంగతి నాకూ తెలుసు.

అప్పుడు అవ్వ నోరు విప్పింది. వరసకు ఆమె పెద్దాయనకు వదిన. ఇల్లు చితికిపోయినా ఆ వరస మాత్రం ఆమె వదులుకోలేదు.

"ఏం మరిదీ, నువ్వు కంప ఏపిచ్చింది బండికా, నా నవ్వుకా?"

లస్కరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నువ్వు ఊరికుండు వదినా."

"ఉంటాలే. నీ ట్రాక్టరు పోయేటప్పుడు ఈ కంప యాడ ఉన్నింది? సరే, అది వద్దులే. ఈ పిల్లకు హారను కొట్టమని చెప్పింది నేనే. ఆ బండికీ నోరు ల్యా, ఈ పిల్లకూ నోరు ల్యా. అందరి మాదిరి పలికి రమ్మను. పలికి వస్తే నీకేం అడ్డం?"

పెద్దాయన కర్రతో మట్టి గీకాడు. ఆ తర్వాత లస్కరుతోనే అన్నాడు.

"ఆ పిల్లకు చెప్పు. కట్ట మీద హారను మోగగూడదు. ఎనక నుంచి వచ్చేటప్పుడు నోటితో పలకల్ల. మనిషి జరిగినాంకనే ముందుకు పోవల్ల. రేపు పొద్దున నేనే ముందర నడుస్తా. పలికితే కంప తీసేయి. ల్యాదంటే అది ఆడనే ఉంటాది."

అమ్మ దారంతా తేలికపడిన మొహంతో నడిచింది. నాదేమో ఎవరికీ వినపడకుండా పోవాలని కొన్న బండి. ఇప్పుడు అందరి వెనకా పేరుపేరునా అరుచుకుంటూ పోవాలి. అన్నిటికంటే ముందు ఆయన వెనక. ఆయన్ని ఏమని పిలవాలి?

"అయ్యా అను. మన వీధి వాళ్ళంతా అంటారు గదా. అంటే నీ సొమ్మేం పోతాది?" అంది అమ్మ, అన్నం వారుస్తూ.

"జేజి ఏమని పిలిచేది?" అని మా నాయనమ్మ గురించి అడిగాను.

"పిలిచేదా! ఈ అయ్య వాళ్ళ నాయన వస్తాంటే సామీ అని, నెత్తిన మోపు ఉన్నా కట్ట దిగి మడిలో నిలబడేది. బురదలో." అమ్మ గిన్నె పక్కన పెట్టింది. "ఇప్పుడు ఎవరు దిగమంటాండారు? అయ్యా అను, పో."

మోపు ఉన్నవాళ్ళు జరగరన్న పద్ధతి అందరికీ ఒకటే అనుకున్నాను. మా జేజికి అది వర్తించలేదని ఆ సాయంత్రమే తెలిసింది. పెరట్లో బట్టలు ఉతికే రాయి దగ్గర నిలబడి మెల్లగా పలికి చూసుకున్నాను. "అయ్యా" అంటే నా గొంతు నాది కానట్టుంది. "సార్" అంటే ల్యాబులో రక్తం తీస్తున్నట్టుంది. ఊరికే "వస్తాండా" అంటే వరస లేని కేక. కట్ట మీద అది మర్యాద కాదు. ఏదీ కుదరకుండానే చీకటి పడింది.

పొద్దున మంచు దట్టంగా ఉంది. నా కోసం లస్కరు కంపను సగం జరిపి, "పో పాపా, ఆయన ముందరుండాడు," అన్నాడు. కట్ట ఎక్కాను. తుమ్మచెట్ల మలుపులో తెల్ల పంచె కనబడింది. ఆయన దారికి సరిగ్గా మధ్యలో నడుస్తున్నాడు. దూరంగా గడ్డి దగ్గర ఆడవాళ్ళు కొడవళ్ళు ఆపి నిటారుగా నిలబడ్డారు. అవ్వ కూడా. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

నా బండికి చప్పుడు లేదు. కాలువ నీళ్ళ చప్పుడు, ఆయన కర్ర చప్పుడు మాత్రం వినబడుతున్నాయి. దగ్గరయ్యాను. నోరు తెరిచాను, రాలేదు. ఇంకా దగ్గరయ్యాను. ఇంకొంచెం పోతే చక్రం ఆయన మడమకు తగిలేలా ఉంది. బ్రేకు పట్టుకున్నాను. ఆ ఆడవాళ్ళ మధ్య ఉన్న అవ్వ వైపు చూశాను. ఆమెను నేను అవ్వా అనే అంటాను. ఆమెకు ఆయన మరిది.

"తాతా, వస్తాండా!"

అంత పెద్ద గొంతు నాకు ఉందని నాకే తెలియదు. చెట్ల మీది కొంగలు లేచాయి.

ఆయన ఆగిపోయాడు. తిరగలేదు. పక్కకు జరగనూ లేదు. కర్ర నేల మీద అట్లే నిలబడి ఉంది. ఆయన మెడ ఎర్రబడుతుందేమోనని చూస్తున్నాను. మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఆయన్ని ఆ వరసతో పిలవలేదు. దిగి బండి వెనక్కి తిప్పుకుందామా అనిపించింది. పులివెందుల బస్సు, ఆ రెండు గదులు కళ్ళ ముందుకు వచ్చాయి. మళ్ళీ అదే మాట అన్నాను, ఈసారి కొంచెం తగ్గించి. "వస్తాండా తాతా."

కర్ర లేచింది. పెద్దాయన ఒక అడుగు, తర్వాత ఇంకో అడుగు, మళ్ళ వైపు జరిగి దారి వదిలాడు. కంప ఆ రోజే తీసేశారు. ఇప్పుడూ చాలా పొద్దులు ఆయన నా ముందర నడుస్తుంటాడు. పలుకుతాను, జరుగుతాడు, అంతే. నాతో నేరుగా మాట్లాడింది ఆ మొదటి పొద్దున ఒక్కసారే, అది కూడా కాలువ వైపు చూస్తూ, పక్క నుంచి నేను దాటుతున్నప్పుడు.

"ఇనపడిందిలే మే. నాకేం చెవుడు ల్యా. పో."