హెప్సిబా తిరగరాసిన గైడు

మణుగూరు బొగ్గుబాయి కుటుంబాల్లో హెప్సిబాను ఎరగని వాళ్లు తక్కువ. భర్త గని ప్రమాదంలో పోయాక ఆయన బదులు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. పద్దెనిమిదేళ్లుగా టైం ఆఫీసులో హాజరు రాస్తోంది. తనలాగే భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు నడిపేది. పోయినవాళ్ల ఫొటోలు, గొంతులు, జ్ఞాపకాలు పదకొండేళ్లుగా అందులో చేరాయి. ఒకరోజు పొద్దున చూస్తే గ్రూపు లేదు. ఎందుకు తీసేశారని ఎన్నిసార్లు రాసినా ఆ సోషల్ మీడియా కంపెనీ జవాబివ్వలేదు.

"మా ఆయన గొంతు గా గ్రూపులనే ఉండె" అని గ్రూపులో ఒకరైన సువర్ణ హెప్సిబా దగ్గర ఏడ్చింది.

ఖమ్మం కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహితురాలు అరుణశ్రీ మరో దారి చూపింది. అది ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని సోషల్ మీడియా. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారు, అయినా అందరూ అందరితో మాట్లాడుకోవచ్చు. అది తలకెక్కడానికి హెప్సిబాకు రెండు నెలలు పట్టింది. తను పడ్డ తిప్పలు మిగతావాళ్లు పడకూడదని తెలుగులో తొమ్మిది పేజీల గైడు రాసి, జిరాక్స్ తీయించి పంచింది. సర్వర్ అనగానే బెదిరిపోతారని "మణుగూరు పోస్టాఫీసులో వేసిన ఉత్తరం సత్తుపల్లికి చేరదా? ఇదీ అంతే" అని మొదలుపెట్టింది.

అది చూసుకుంటూ చేరినవాళ్లలో అడవి అంచు ఊరి జంపక్క ఒకరు. భర్త చివరి రోజు గురించి రాసింది. ఆ పొద్దున ఇద్దరూ గొడవపడ్డారని, అతను అన్నం తినకుండానే పనికి పోయాడని రాసింది. గ్రూపు ఆడవాళ్లే చదువుతారనుకుంది, కానీ అది అందరికీ కనబడేలా ఉంది. వారం తిరగకముందే అది మరిది కంటపడింది. "నీ వల్లనే మా అన్న పాణం పోయింది" అని అతను నలుగురిలో అన్నాడు. జంపక్క వెంటనే పోస్టు తీసేసింది. కానీ వేరే సర్వర్లకు చేరిన మూడు కాపీలు అలాగే ఉండిపోయాయి.

సంగతి తెలిసి హెప్సిబా తన గైడు తిరగేసింది. ఎవరికి కనిపించాలో ఎంచుకోవడం గురించి ఎనిమిదో పేజీలో ఒక్క వాక్యముంది. తీసేసినా కాపీలు మిగలవచ్చని ఎక్కడా లేదు. ఆ ఆదివారం చర్చికి పోకుండా జంపక్క ఊరికి ఆటో ఎక్కింది.

"నువ్వు రాసిన కాయితం చూసుకుంటనే చేసిన అక్కా" అంది జంపక్క, గడపలోనే నిలబడి.

"అవ్ చెల్లె. తప్పు నాదే. చెప్పాల్సింది చెప్పలే."

"మరి గిప్పుడు తీపిస్తవా?"

"అడుగుత. తీస్తరని మాటియ్యలేను."

జంపక్క గడప దిగి, ఆమె కూర్చోవడానికి మంచం వాల్చింది.

హెప్సిబా ఆ సర్వర్లు నడిపేవాళ్లకు ఉత్తరాలు రాసింది. ఇద్దరు తీసేశారు. మూడోచోటి నుంచి ఇప్పటికీ జవాబు లేదు. ఇల్లిల్లూ తిరిగి పాత గైడులు వెనక్కి తీసుకుంది. కొత్తది రాసి ముందుగా జంపక్కకు చదివి వినిపించింది.

"గోప్యత అంటే ఏంది?" అని ఆపింది జంపక్క.

"ఎవలకు కనబడాల్నో నువ్వే చూసుకునుడు."

"మరి గట్లనే రాయరాదు?"

హెప్సిబా గైడులో 'గోప్యత' అన్న మాట కొట్టేసింది. ఇప్పుడు మొదటి పేజీలో ఇలా ఉంటుంది: "మీరు రాసింది తీసేసినా ఎక్కడో మిగలొచ్చు. ఎవరికి కనబడాలో ముందు చూసుకోండి. ఆ తర్వాతే రాయండి."

ఈనాటికి అరవైమంది దాకా చేరారు. మరిది మాత్రం జంపక్క గడప తొక్కడం లేదు. ఆమె మళ్లీ ఏమీ రాయలేదు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా జంపక్క హెప్సిబా పక్కన కూర్చుని, తనకు జరిగింది తానే చెబుతుంది. హెప్సిబా మధ్యలో కల్పించుకోదు. విన్నాక ఇద్దరు ముగ్గురు చేరకుండానే లేచి పోతారు. వాళ్లను ఎవరూ ఆపరు.