సింకు కింద సద్ది డబ్బా

సంతోషి ఏడవలేదన్న వార్త కొత్వాల్‌గూడ దాటి పాల్మాకుల దాకా పోయింది. మొగుడు పోయిన మనిషి వచ్చినవాళ్లకు చాప పరిచి, నీళ్లిచ్చి, "కూసోండ్రి" అంటుంటే చూసినవాళ్లు ఊరుకుంటారా? "అబ్బ, ఎంత రాయి గుండెరా!" అన్నారు కొందరు. "ఇద్దరి నడుమ ఏదో అయి ఉంటది" అన్నారు ఇంకొందరు. అనడానికి వాళ్ల సొమ్మేం పోయింది కనుక! ఆ మాటలన్నీ సంతోషి చెవిన పడుతూనే ఉన్నాయి. లోపల మాత్రం ఎక్కడా తగల్లేదు. పన్ను పీకే ముందు సూది ఇస్తే చెంప మొద్దుబారుతుంది చూడండి, ఆమెకు ఒళ్లంతా అలా అయిపోయింది.

వీరేందర్ ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. సవారీ కోసం బండ్లన్నీ వరసగా ఆగే చోట, మధ్యాహ్నం పూట, సీటు వెనక్కి వాల్చి పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. నిద్రపోతున్నాడనుకున్నారు పక్క బండివాళ్లు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. బండిని ఇంటికి తెచ్చినవాళ్లు అందులోని తువ్వాల, నీళ్ల సీసా, సద్ది డబ్బా వంటింట్లో పెట్టారు. ఆ గందరగోళంలో ఎవరో డబ్బాను సింకు కింద అరలోకి తోసి తలుపు మూశారు. అప్పటి నుంచీ అది అక్కడే ఉంది. సంతోషి దాన్ని ముట్టలేదు. ఇంకొకరిని ముట్టనివ్వలేదు కూడా.

కారణం ఉంది. అతను పోయిన రోజు పొద్దున మొగుడూ పెళ్లాలు కొట్లాడుకున్నారు. దేని మీదనుకున్నారు? గిన్నెలు తోమే మిషన్ మీద! నవ్వొస్తుంది కదా, ఆ రోజు వీరేందర్‌కూ నవ్వే వచ్చింది.

సంతోషి చేతులకు సబ్బు పడదు. చలికాలం వచ్చిందంటే అరచేతులు పగిలి నెత్తురు వచ్చేది. ఇల్లేమో రోడ్డు పక్కన. వచ్చే చుట్టం, పోయే చుట్టం, సింకు నిండా ఎప్పుడూ గిన్నెలే. చూసి చూసి వీరేందర్ శంషాబాద్‌లో ఒక షాపుకు పోయి, గట్టు కింద అల్మారీలో ఇమిడిపోయే డిష్‌వాషర్ ఒకటి ఖాయం చేసి వచ్చాడు. మహానుభావుడు ఉత్త చేతులతో పోలేదు. ఇంట్లో బగారన్నం వండే పెద్ద గంజును సంతోషికి తెలియకుండా డిక్కీలో వేసుకుని పోయాడు. షాపులో ఉన్న ప్రతి మిషన్ తలుపూ తెరిపించి, గంజును లోపల పెట్టి చూశాడు. నీళ్లెన్ని తాగుతుంది, కరెంటెంత కాలుతుంది అని షాపతను చెప్పబోతే, "అవన్నీ మీరే చూసుకోండ్రి భయ్. ఈ గంజు పట్టకపోతే మాత్రం అది మా ఇంట్ల పనికిరాదు" అన్నాడు. ఒకదానిలో పై జాలీ తీస్తే గంజు పట్టింది. ఇగ అదే ఖాయం.

గంజు ఎక్కడ పోయిందని ఇల్లంతా వెతికి పరేషాన్ అయిన సంతోషికి మరునాడు పొద్దున అసలు సంగతి చెప్పాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నన్ను ఒక్క మాట అడిగినవా? బాసన్లు తోమనీకి నా చేతులు పడిపోయినయా? ఊరోళ్లు ఏమంటరు?"

"ఊరోళ్లు వచ్చి తోముతరా నీ బాసన్లు?" అన్నాడు వీరేందర్ నవ్వుతూ.

ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా మండింది. లోపలికి పోయి కాకరకాయ కూర వండింది. వీరేందర్ బుద్ధెరిగి కాకరకాయ ముట్టిన మనిషి కాదు, వాసనకే మొహం తిప్పుకుంటాడు. తెలిసి తెలిసి, కావాలనే, సద్ది డబ్బాలో అడుగు గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో కాకరకాయ, పై గిన్నెలో పెరుగు పెట్టి క్లిప్పులు బిగించి ఇచ్చింది. ఏం కూర అని అతను అడగలేదు. ఈమె చెప్పలేదు.

అదీ సంగతి. మనిషి తిని పోయాడా? లేక డబ్బా తెరిచి, కాకరకాయ చూసి, మూత పెట్టేసి, ఆకలి కడుపుతో పడుకుని పోయాడా? డబ్బా తెరిస్తే తెలిసిపోతుంది. తెరవనంత కాలం తిన్నాడేమో అన్న ఆశ కొంచెం మిగులుతుంది. ఆ కొంచెం కోసమే ఆమె దాన్ని సింకు కింద ఉండనిచ్చింది.

పదో రోజు పిట్టకు పెట్టారు. హిమాయత్‌సాగర్ ఒడ్డున విస్తరాకులో అన్నం, మాంసం కూర, అతనికి ఇష్టమైన గారెలు పెట్టి అందరూ దూరం జరిగారు. కాకి వచ్చి ముడితే పోయినవాడికి ఏ కోరికా మిగలనట్టు. కాకులు రావడానికి వచ్చాయి. కొమ్మ మీద వాలాయి, అటూ ఇటూ చూశాయి, ఒక్కటీ కిందికి దిగలేదు. అందరూ తలా ఒక మాట ఇచ్చారు. "నీ బిడ్డను మంచిగ చదివిస్తం అన్నా" అంది చెల్లెలు ప్రసన్నలక్ష్మి, హాస్టల్ నుంచి వచ్చిన మేనకోడలిని దగ్గరికి తీసుకుని. "నీ తల్లిని కడుపుల పెట్టుకొని చూస్తం" అన్నారు పాలివాళ్లు. కాకి దిగితేనా! ఎండ నెత్తి మీదికి వచ్చాక ఇక చేసేది లేక ఆ విస్తరి తీసి నీళ్లలో వదిలి ఇంటిదారి పట్టారు.

ఇంటికి వచ్చాక ప్రసన్నలక్ష్మికి తట్టింది. "అన్న పాణం ఆ మిషన్ మీదనే ఉన్నది వదినా! గంజు మోసుకపోయి మరీ చూసి వచ్చిండు. అది పెట్టిస్తేనే అన్నకు శాంతి."

ఏడాది మైల ఉన్న ఇంట్లోకి కొత్త వస్తువు తేవొచ్చా అని ఎవరో అననే అన్నారు. అప్పటిదాకా మూలకు ఒదిగి కూర్చున్న వీరేందర్ తల్లి రాములమ్మ తల ఎత్తింది. "గది కొత్తదెట్లయితది? వాడు బతికుండంగ ఖాయం చేసిండు. వాని వస్తువు వాని ఇంటికి వస్తది, అంతే." ఆమె అన్నాక ఇంకెవరు నోరెత్తుతారు?

సంతోషి సరే అంది. ఆ రోజుల్లో ఏది అడిగినా సరే అనేది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మనసులో మాత్రం, వీళ్లకేం తెలుసు, కాకి ఎందుకు దిగలేదో నాకు తెలుసు, అనుకుంది.

మిషన్ వచ్చేసరికి చలి మొదలైంది. షాపు నుంచి ఫిట్టర్, కాటేదాన్ నుంచి మిషన్ ముందు బిగించే తలుపు తయారుచేసిన వడ్రంగి మొగులయ్య ఒకే రోజు వచ్చారు. ఫిట్టర్ వంగి చూసి, "సింకు కింద అర ఖాళీ చెయ్యండ్రి అక్కా. నీళ్ల పైపు, మురికి పైపు రెండూ అందులకెళ్లే తియ్యాలె" అన్నాడు.

సంతోషి కదలలేదు. ప్రసన్నలక్ష్మే వంగి సబ్బులు, పీచు, పాత మగ్గు ఒక్కొక్కటే బయట పెట్టింది. ఆఖరున సద్ది డబ్బా తగిలింది. "అయ్యో, అన్న డబ్బా!" అని పట్టుకుని వదిన మొహం చూసింది. ఏమనుకుందో, మెల్లగా గట్టు మీద పెట్టి పక్కకు జరిగింది.

ఆ తర్వాత పొద్దంతా డ్రిల్లింగు చప్పుడు. అల్మారీ పక్కగోడకు బెజ్జం పడింది, పైపులు దూరాయి, మిషన్ లోపలికి పోయి సరిగ్గా సర్దుకుంది. సంతోషి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె చూపు పనివాళ్ల మీద లేదు, గట్టు మీది డబ్బా మీదే ఉంది. మొగులయ్య తలుపు బిగించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. మిషన్ ఉన్న జాడే లేదు, మిగతా అల్మారీల్లో అదొక అల్మారీ.

"మీ ఆయిన గిట్లనే చెయ్యమన్నడు అక్కా" అన్నాడతను. "షాపుకెళ్లి సీదా నా తానికే వచ్చిండు. బయటికి అస్సలు కనవడొద్దు మొగులన్నా, ఊరోళ్లు చూసి మా ఆమెను ఒక మాటంటే ఆమె తట్టుకోదు, అన్నడు."

సంతోషి విన్నది. "చాయ్ తాగుతవా అన్నా?" అంది. మొగులయ్య సామాను సర్దుకోవడానికి బయటికి పోయాడు. ఫిట్టర్ అప్పటికే తన బండి ఎక్కాడు.

ప్రసన్నలక్ష్మి కొత్త తలుపుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. పై జాలీ తీసి కింది జాలీలో పెద్ద గంజు పెట్టింది. అన్న పెట్టి చూసినట్టే పట్టింది. కళ్లు తుడుచుకుని, గట్టు మీది డబ్బా అందుకుని క్లిప్పు మీద చెయ్యి వేసింది. "ఇది గూడ పెడత వదినా. అన్న డబ్బాతోనే మొదలైతది."

"ఆగు!"

ఇన్ని నెలల్లో సంతోషి గొంతు అంతగా లేవడం ఎవరూ వినలేదు. వచ్చి డబ్బాను చేతిలోకి తీసుకుంది. మరీ బరువు లేదు, తేలికా కాదు. ఇప్పుడు తెరవకపోతే ఇంకొకరు తెరుస్తారు. క్లిప్పులు లాగింది.

పై గిన్నెలో పెరుగు లేదు. తెల్లటి చార ఒకటి ఎండిపోయి ఉంది. తాగి ఉంటాడు, ఉత్త పెరుగు తాగి ఉంటాడు అనుకుంది. దాన్ని తీసి పక్కన పెట్టింది. పాత వాసన గుప్పుమని కొట్టింది. నడిమి గిన్నెలో కాకరకాయ నల్లగా బిగుసుకుపోయి, బూజు పట్టి, ఆమె పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క ముక్క కూడా కదలలేదు. సంతోషి గట్టు పట్టుకుంది. అడుగు గిన్నె మిగిలింది. చూడొద్దనుకుంది. చూసింది.

ఖాళీ! అంచుకు అంటుకున్న నాలుగు మెతుకులు, పెరుగన్నం కలిపి నాలుగు వేళ్లతో ఊడ్చుకు తిన్న గీతలు. ఆ గీతలు అలాగే ఎండిపోయి ఉన్నాయి.

"అత్తమ్మా!" అని కేక పెట్టింది. రాములమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. "అన్నం తిన్నడు అత్తమ్మా. పెరుగు పోసుకొని అంత తిన్నడు. కూర ఒక్కటే ముట్టలె. కోపంల కాకరకాయ పెట్టిన నేను..."

రాములమ్మ గిన్నెలోకి వంగి చూసింది. "కాకరకాయనా? వాడెట్ల తింటడే? చిన్నప్పుడు వీపు పగలగొట్టిన గూడ తినలె, ఇప్పుడు నువ్వు పెడితే తింటడా, మొండోడు!"

సంతోషికి నవ్వు వచ్చింది. ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ తిరగబడిందో తెలియదు గానీ, గిన్నెను రొమ్ముకు అదుముకుని కింద కూలబడి ఊరంతా వినబడేలా ఏడ్చింది. ప్రసన్నలక్ష్మి ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది.

ఏడుపు విని మొగులయ్య చేతిలో సుత్తితోనే లోపలికి ఉరికివచ్చాడు. "ఏమైంది అమ్మా? తలుపు మీద పడ్డదా?"

రాములమ్మ కోడలి వీపు నిమురుతూ తల అడ్డంగా ఊపింది. "ఏం కాలే బిడ్డా. నా కొడుకు అన్నం తినే పోయిండు."