సున్నం కొట్టిన గోడ

తొంభైలలో, ఎన్నికలకు ముందు ఒక ఉదయం చూలైలో బస్సెక్కాను. పక్క సీటులో ఒక పెద్దావిడ, చేతులనిండా సున్నం మరకలు, ఒళ్లో తడారని కుంచె. ఆ అరవ ఊళ్ళో తనలో తాను తెలుగులో తిట్టుకుంటోంది. ఏమైందమ్మా అన్నాను.

"మా గోడమింద నన్నొక మాటన్నా అడక్కుండా ఒక పార్టీవోళ్ళు వాళ్ళ గుర్తేసి పోయినారు నాయనా. నేను సున్నం కొట్టేస్తిని. తెల్లారేసరికి అవతలి పార్టీవోళ్ళు, వీళ్ళది తుడిపేసినావంటే నువ్వు మా మనిషివే అని వాళ్ళ గుర్తేసినారు. దాన్నీ తుడిపేస్తే, రెండు పార్టీలోళ్ళూ ఇంటిమిందికొచ్చినారు. ఎవరిదో ఒకరిది ఉండాల్నంట! ఎందుకుండాల? ఓటు ప్రతిసారీ ఏస్తా. ఎవురు పని చేసినారో చూసి ఏస్తా. అంతేగానీ నా ఇంటిని ఎవురికీ రాసియ్యలేదే!"

సున్నం అయిపోయిందట, కొనడానికి జార్జి టౌన్ వెళుతోంది. నాకూ ఒళ్లు మండింది. అడక్కుండా గోడలెక్కే హక్కు వీళ్ళకెవరిచ్చారు? బాగా చేశారమ్మా అన్నాను. ఆ ఊపులోనే, "ఇంతకీ ఈసారి మీ ఓటెవరికి?" అని అడిగేశాను.

ఆమె స్టాపులో లేచి నిలబడి, కుంచె నా మొహం ముందు పెట్టింది.

"నువ్వు గూడా కుంచె ఎత్తుకోనొచ్చినావా?"

దిగి వెళ్ళిపోయింది. చుట్టూ నవ్వారు. నాకు ఉక్రోషం వచ్చింది. దాంతోనే ఇంటికి చేరాను. మా ప్రహరీ మీద ఒక పార్టీ గుర్తుంది. ఎప్పుడు వేశారో, ఎవరినడిగి వేశారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు సున్నం కొన్నాను.