కార్కులో విరిగిన మర

1975లో నేను కార్వాన్ దగ్గర ముప్పై పడకల ధర్మాసుపత్రిలో మగవాళ్ల వార్డుకు స్టాఫ్ నర్సుని. తెనాలి వైపు నుంచి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆదివారం డ్యూటీ లేకపోతే చర్చిలో పాటల బృందంలో ఉండేదాన్ని. ప్రార్థన చేయకుండా ఏ రోజూ వార్డులో అడుగు పెట్టలేదు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మా చర్చి సంఘం మనిషినే, దేవదానాన్ని, రిక్షాలో తెచ్చారు. అరవై దాటాయి. సికింద్రాబాద్‌లో ఆఫీసర్ల మెస్‌లో పాతికేళ్లు బేరర్‌గా చేశాడు. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. ఇలాంటి రోగిని వెల్లకిలా పడుకోబెడితే నీళ్లలో మునిగినవాడిలా కొట్టుకుంటాడు. అందుకే వీపు వెనక దిండ్లు పేర్చి కూర్చోబెడతాం. దాన్ని ప్రాప్డప్ పొజిషన్ అంటాం. ఆక్సిజన్ పెట్టాం. నీరు లాగే ఇంజక్షన్ రెండుసార్లు ఇచ్చాం. మూడు గంటలకు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, సాయంత్రం దాటడం కష్టమని, ఇంటివాళ్లకు చెప్పమని అన్నారు.

చెప్పాను. భార్య రాహేలమ్మ ఏడవలేదు. అయ్యగారిని, అంటే మా పాస్టరుగారిని, పిలిపించమంది.

ఆరేళ్ల కిందట కోతల పండుగ ఆరాధనకు దేవదానం తాగి వచ్చి గొడవ చేశాడు. ఆ వారమే సంఘం కూడి, చేతులెత్తి, అతన్ని ప్రభు బల్ల నుంచి నిలిపేసింది. రొట్టె, ద్రాక్షారసం అందుకునే హక్కును మా దగ్గర సంఘమే తీసేది, సంఘమే తిరిగి ఇచ్చేది. ఆ రోజు ఎత్తిన చేతుల్లో నాదీ ఉంది. అప్పటి నుంచి రాహేలమ్మ కూడా తీసుకోలేదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచే వేళకు లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేది. ఇప్పుడు ఆమె కోరిందొక్కటే. భర్త బల్లకు బయటివాడిగా పోకూడదు.

అయ్యగారు సైకిల్ మీద చెమటలు కక్కుతూ వచ్చారు. మా సంఘానికి ఆయన కొత్త. సంఘం కూడేదాకా ఆగితే మనిషి ఉండడని, మాట వస్తే తన మీద వేసుకుంటానని అన్నారు. డాక్టరుగారు ఒక స్పూను వరకు ఒప్పుకున్నారు. సంచిలోంచి రొట్టె, చిన్న గిన్నె, సీలు వేసిన కొత్త ద్రాక్షారసం సీసా బయటికి వచ్చాయి. దానితో పాటు ఎవరి కాలందో, తుప్పు పట్టిన కార్కు తీసే మర. గుచ్చి, తిప్పి, బలంగా లాగారు. మర పుటుక్కున విరిగి సగం కార్కులోనే ఉండిపోయింది.

ప్రభు బల్ల దగ్గర తప్ప మద్యం ముట్టమని ప్రమాణం చేసిన సంఘం మాది. అలాంటి మర ఇంకొకటి ఏ ఇంట్లోనూ లేదు. చుట్టుపక్కల సారా దుకాణాల్లో కార్కు సీసాలు ఉండవు. సికింద్రాబాద్ వెళ్లి రావాలంటే రెండు గంటలు. దేవదానం పెదాలు అప్పటికే నీలం తిరిగాయి. ఊపిరి నిమిషానికి నలభైసార్లు కొట్టుకుంటోంది.

సీసా మెడ పగలగొట్టనా అని అయ్యగారు అడిగారు. గాజు నలుసు పడితే కంటికి కూడా కనిపించదని వద్దన్నాను. కార్కును లోపలికి తోస్తే తుప్పు మర రసంలో పడుతుంది. రక్తనాళాన్ని బిగించి పట్టే ఆర్టరీ ఫోర్సెప్స్ తెచ్చి, విరిగిన మర కొసను పట్టుకుని లాగాను. కార్కు పొడి రాలింది తప్ప మర కదల్లేదు.

దేవదానం మాస్కు పక్కకు జరిపాడు.

"గుంజకు బిడ్డా. ఎండిన కార్కది. పొడిపొడి అయితది."

మాట్లాడొద్దని మాస్కు సరిచేశాను. మళ్లీ తీశాడు.

"కిందికెల్లి నూకాలె. గాలితోని. మా మెస్‌ల ఒక సాబు సైకిల్ పంపుతోని తీసిండు."

ఆ నాలుగు ముక్కలకు అతనికి ఎంత ఊపిరి ఖర్చయిందో చూశాను. వెంటనే వయల్ గుర్తొచ్చింది. రబ్బరు మూత ఉన్న మందు సీసాను మేం వయల్ అంటాం. మందు తీసేముందు అందులోకి కొంత గాలి ఎక్కిస్తాం. గాలి ఎక్కువైతే సిరంజి పిస్టన్ వేలిని వెనక్కి తంతుంది. ఆ బలమే ఇప్పుడు కావాలి.

కాంపౌండర్ గఫూర్ భాయ్‌ని లంబార్ పంక్చర్ నీడిల్ అడిగాను. వెన్నులోంచి నీరు తీసే పొడుగాటి సూది అది. లోపల సన్నని తీగ ఉంటుంది కాబట్టి కార్కులో గుచ్చినా పూడుకుపోదు. గఫూర్ భాయ్ బార్కస్ బస్తీ మనిషి, ఐదు పూటలా నమాజు చేసేవాడు.

"సీసా నేను ముట్టను సిస్టర్, బురా మత్ మానో, ఏమనుకోవద్దు. సూది, సిరంజి తెచ్చిస్త. ఈ పెద్దమనిషిని నేను పట్టుకుంట."

తెచ్చిచ్చి, మంచం ఎక్కి, దేవదానం వీపుకు తన భుజం ఆనించి కూర్చున్నాడు.

విరిగిన మర పక్కగా సూది దించి తీగ తీశాను. అయ్యగారు సీసాను తువాలులో చుట్టి రెండు చేతులా పట్టుకున్నారు. బట్ట ఇంకో చుట్టు చుట్టమని దేవదానం వేలితో సైగ చేశాడు. పగిలితే ముఖాల మీదికే వస్తుంది. మొదటి సిరంజి గాలి ఎక్కించాను. ఏమీ కాలేదు. సూది మొదలును బొటనవేలితో మూసి, సిరంజి నింపి మళ్లీ ఎక్కించాను. పిస్టన్ వెనక్కి తన్నింది. మూడోసారి నొక్కుతుంటే ముందు పగిలేది గాజు సిరంజో సీసానో తెలియలేదు. అప్పుడే దేవదానం ఊపిరి ఆగింది. రాహేలమ్మ అతని ఛాతీ మీద అరచేయి పెట్టింది. నేను సిరంజి వదలాలా, అతన్ని పట్టుకోవాలా? గఫూర్ భాయ్ అతన్ని ముందుకు వంచి వీపు నిమిరాడు. పెద్ద గురకతో ఊపిరి తిరిగొచ్చింది. నేను పిస్టన్‌ను నొక్కే ఉంచాను. అతని కళ్లు మాత్రం కార్కు మీదే ఉన్నాయి.

"లేస్తుంది. ఆపు. ఇగ చేత్తోని తియ్యి."

కార్కు సగం పైకి లేచి ఉంది. మెల్లగా తిప్పితే వచ్చేసింది. పొడి పడకుండా, పల్చటి కట్టుగుడ్డను నాలుగు మడతలు వేసి రసాన్ని వడకట్టాను.

అయ్యగారు ఒప్పుకోలు అడిగారు. దేవదానం తల ఊపాడు.

"తాగి వచ్చిన మాట నిజం అయ్యగారూ. రెండేండ్లకు బంద్ చేసిన. నాలుగేండ్లాయె. ఎవ్వరు అడగలె."

నా నోరు ఊరుకోలేదు. "మీ మీద చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను" అన్నాను.

"ఎరుకనే బిడ్డా. రెండో వరుసల ఉంటివి."

అంతే అన్నాడు. కోపం లేదు. అయ్యగారు రొట్టె తునకను రసంలో తడిపి స్పూనుతో అందించారు. మింగేదాకా గొంతు కింద వేళ్లు పెట్టి చూశాను. తర్వాత రాహేలమ్మ కొంగు తల మీదికి లాక్కుని మోకరించింది. ఆ తర్వాత నేను. ఎండ తగ్గకముందే దేవదానం వెళ్లిపోయాడు. అప్పుడు రాహేలమ్మ చెయ్యి అతని ఛాతీ మీదే ఉంది.

మా వృత్తిలో ఎన్‌బీఎమ్ అనే అట్ట ఉంటుంది. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని దాని అర్థం. ఆపరేషన్ రోగి మంచానికి తగిలిస్తాం. దాన్ని తగిలించడం ఎంత ముఖ్యమో, రౌండ్లలో మళ్లీ అడిగి తీయించడం అంతకంటే ముఖ్యం. అది మరిచిన నర్సు రోగిని ఆకలితో చంపుతుంది. దేవదానానికి మేం అలాంటి అట్టే తగిలించాం. తగిలించింది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆరేళ్లలో ఒక్కరమూ ఆ మంచం దగ్గరికి రౌండ్‌కి వెళ్లలేదు.

తర్వాతి సంఘ కూటంలో లేచి, నిలిపేసినవాళ్ల పేర్లు మూడు నెలలకోసారి పైకి చదవాలని, ప్రతి ఇంటికీ ఎవరో ఒకరు వెళ్లి అడగాలని అన్నాను. ఇంకా తొమ్మిది పేర్లున్నాయి. ఎవరు వెళ్తారని పెద్దలు అడిగారు. చెయ్యెత్తాను.